చార్లెస్ యూజీన్ లాన్సెలాట్ బ్రౌన్

ఈ వ్యాసము స్విట్జర్లాండుకు చెందిన విద్యుత్ యంత్ర నిర్మాత గురించి. తెలుగు భాషకు సేవ చేసిన నిఘంటుకర్త కొరకు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వ్యాసము చూడండి.

చార్లెస్ యూజీన్ లాన్సెలాట్ బ్రౌన్ (జూన్ 17, 1863 - మే 2, 1924) స్విట్జర్లాండు దేశమునకు చెందిన సుప్రసిద్ధ విద్యుత్ యంత్ర నిర్మాత, పారిశ్రామికవేత్త. బ్రౌన్ బొవేరి సంస్థ వ్యవస్థాపకులు ఇద్దరిలో ఇతడు ఒకడు. 1891లో లౌఫెన్ నుండి ఫ్రాంక్‌ఫర్టు వరకు 175 కిలోమీటర్ల దూరము మూడు ఫేజుల విద్యుత్తును పంపిన చారిత్రాత్మక ప్రయోగములో జనరేటరును రూపొందించినది ఇతడే. ఆవిరి టర్బైనుతో అతి వేగముగా తిరిగే జనరేటర్లకు అనువైన స్థూపాకార రోటరును 1901లో రూపొందించినదీ ఇతడే. నేటికీ ప్రపంచములోని బొగ్గు, అణు విద్యుత్ కేంద్రాలలో తిరుగుతున్న రోటర్లు మూల రూపములో ఆ నిర్మాణమునే అనుసరిస్తున్నాయి.

## బాల్యము, విద్య

బ్రౌన్ స్విట్జర్లాండులోని వింటర్‌థూర్ పట్టణములో జన్మించాడు. తండ్రి పేరు కూడా చార్లెస్ బ్రౌనే. ఆయన ఇంగ్లాండు దేశస్థుడు. 1851లో వింటర్‌థూర్‌కు వచ్చి సుల్జర్ సోదరుల కర్మాగారములో చేరి, అక్కడ ఆవిరి యంత్రముల నిర్మాణమును అభివృద్ధి చేశాడు. 1871లో అదే పట్టణములో స్విస్ రైలు ఇంజన్ల కర్మాగారమును స్థాపించాడు. తల్లి యూజీనీ వింటర్‌థూర్‌కు చెందిన ఫౌ కుటుంబములోని స్త్రీ. తమ్ముడు సిడ్నీ విలియం బ్రౌన్ 1865లో జన్మించాడు. తరువాతి కాలములో అతడు కూడా ఇంజనీరై అన్నగారి సంస్థలో ముఖ్య బాధ్యతలు నిర్వహించాడు.

ఇంట్లో యంత్రముల గురించిన సంభాషణలు, ఊరిలో కర్మాగారముల నడుమ బ్రౌన్ పెరిగాడు. వింటర్‌థూర్‌లోని సాంకేతిక విద్యాలయములో యంత్ర నిర్మాణ శాస్త్రమును అభ్యసించాడు. చదువు ముగిసిన పిదప బాసెల్ నగరములో బ్యూర్గిన్ విద్యుత్ యంత్రాల కర్మాగారములో కొంతకాలము పనిచేశాడు. విద్యుత్ యంత్రముల తయారీతో అతనికి ఏర్పడిన తొలి పరిచయము ఇదే. అతడు ముందుగా యంత్ర నిర్మాత, తరువాతనే విద్యుత్ శాస్త్రజ్ఞుడు. ఈ క్రమము అతని జీవితములో ముఖ్యమైనది. ఒక భాగము ఎంత బలము తట్టుకుంటుంది, దానిని లేతు మీద ఎలా మలచాలి, దేనికి ఎలా బిగించాలి అనే ప్రశ్నలతోనే అతడు విద్యుత్తును చూశాడు.

## ఓర్లికోన్ కర్మాగారములో

1884లో జూరిచ్ సమీపములోని ఓర్లికోన్ యంత్ర కర్మాగారము విద్యుత్ యంత్రముల విభాగమును ప్రారంభించింది. దానిని నెలకొల్పే బాధ్యతను తండ్రి స్వీకరించాడు. కుమారుడు కూడా ఆయనతోపాటు అక్కడ చేరాడు. కొద్దికాలములోనే తండ్రి ఇటలీలో మరొక ఉద్యోగమునకు వెళ్ళిపోగా, ఆ విభాగము బాధ్యత కుమారుని మీద పడింది. అప్పటికి అతని వయస్సు ఇరవై రెండు, ఇరవై మూడు సంవత్సరములే.

1886లో క్రీగ్‌స్టెట్టెన్ గ్రామములోని నీటి శక్తిని సోలోథుర్న్ పట్టణములోని కర్మాగారమునకు ఏకముఖ విద్యుత్తు రూపములో పంపే పథకమును బ్రౌన్ విజయవంతముగా నిర్వహించాడు. దూరము సుమారు 8 కిలోమీటర్లు. పంపిన శక్తిలో దాదాపు 75 శాతము అవతలి చివర లభించింది. నాలుగేళ్ళ క్రితము 1882లో జర్మనీలో మీస్‌బాఖ్ నుండి మ్యూనిక్ వరకు 57 కిలోమీటర్ల దూరము జరిగిన ప్రయోగములో సుమారు నాలుగో వంతు శక్తి మాత్రమే గమ్యము చేరింది. దూరాలు వేరైనప్పటికీ, విద్యుత్తు ద్వారా శక్తిని లాభసాటిగా పంపవచ్చునని క్రీగ్‌స్టెట్టెన్ పథకము చూపింది. దీనితో బ్రౌన్ పేరు యూరపు అంతటా తెలిసింది.

ఓర్లికోన్‌లో ఉన్న కాలములోనే అతడు ఆర్మేచరు తీగలను ఇనుము ఉపరితలము మీద కాక, ఇనుములో చేసిన రంధ్రములలో, గాళ్ళలో ఇమిడ్చే పద్ధతిని వాడాడు. ఉపరితలము మీద చుట్టిన తీగలు భ్రమణ బలమునకు జారిపోయే ప్రమాదము ఉంటుంది. గాడిలో ఉన్న తీగను ఇనుమే పట్టి ఉంచుతుంది. ఈ ఆలోచన తరువాత అతని అతి ముఖ్యమైన ఆవిష్కరణకు మూలమైంది. అధిక వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్లను నూనెలో ముంచి అవాహకత్వము పెంచే పద్ధతిని ఆచరణలోకి తెచ్చిన తొలి తరము ఇంజనీర్లలో కూడా అతడు ఒకడు.

## అయస్కాంతమే ఎందుకు తిరగాలి?

బ్రౌన్ కృషిని అర్థము చేసుకొనుటకు జనరేటరు గురించి కొంత తెలియాలి. అయస్కాంత క్షేత్రమునకు, తీగచుట్టకు మధ్య సాపేక్ష చలనము ఉంటే తీగలో విద్యుత్తు పుడుతుంది. తీగచుట్ట తిరిగి అయస్కాంతము నిలిచి ఉన్నా, అయస్కాంతము తిరిగి తీగచుట్ట నిలిచి ఉన్నా ఫలితము ఒకటే. తొలినాటి ఏకముఖ విద్యుత్ యంత్రాలలో తీగచుట్టయే తిరిగేది. దానిలో పుట్టిన విద్యుత్తును కమ్యుటేటరు, బ్రష్షుల ద్వారా బయటకు తీసేవారు.

ఏకాంతర విద్యుత్తుకు కమ్యుటేటరు అవసరము లేదు. అందుచేత తీగచుట్టను తిప్పవలసిన నిర్బంధము కూడా లేదు. శక్తిని ఉత్పత్తి చేసే చుట్టలో వేల వోల్టులు, వందల ఆంపియర్లు ఉంటాయి. దానిని స్థిరముగా ఉంచితే అవాహకములకు కుదుపులు ఉండవు, అంత పెద్ద కరెంటును జారే స్పర్శల గుండా తీయనవసరము లేదు. తిరిగే అయస్కాంతమునకు కావలసినది తక్కువ వోల్టేజీ గల కొద్దిపాటి ఏకముఖ విద్యుత్తు మాత్రమే. దానిని రెండు స్లిప్ రింగుల ద్వారా సులభముగా లోనికి పంపవచ్చు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. విద్యుత్ అయస్కాంతము అంటే బరువైన ఇనుప ధ్రువము, దాని చుట్టూ బరువైన రాగి చుట్ట. వాటిని తిప్పినప్పుడు అపకేంద్ర బలము వాటిని బయటకు లాగుతుంది. కావున తిరిగే క్షేత్ర అయస్కాంతము సమస్య సగము విద్యుత్ సమస్య, సగము యంత్ర నిర్మాణ సమస్య. రెండవ సగమును పరిష్కరించుటలోనే బ్రౌన్ ప్రతిభ వెల్లడైంది.

## లౌఫెన్ - ఫ్రాంక్‌ఫర్టు ప్రయోగము

1891 మే 16 నుండి అక్టోబరు 19 వరకు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరములో అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శన జరిగింది. దాని నిర్వాహకుడు ఆస్కార్ ఫాన్ మిల్లర్. నగరాలకు ఏకముఖ విద్యుత్తు మేలా, ఏకాంతర విద్యుత్తు మేలా అన్న వివాదము అప్పుడు తీవ్రముగా ఉండేది. నెక్కార్ నది ఒడ్డున లౌఫెన్ గ్రామములోని సిమెంటు కర్మాగారమునకు మిగులు నీటి శక్తి ఉండేది. దానిని 175 కిలోమీటర్ల దూరములోని ప్రదర్శనశాలకు పంపాలని మిల్లర్ సంకల్పించాడు. ఓర్లికోన్ కర్మాగారము, బెర్లిన్‌లోని ఎ.ఇ.జి. సంస్థ కలిసి ఈ పనిని చేపట్టాయి. ఎ.ఇ.జి. పక్షమున మిఖాయిల్ దొలివో-దొబ్రొవోల్స్కీ మోటారును రూపొందించగా, బ్రౌన్ జనరేటరును రూపొందించాడు. ట్రాన్స్‌ఫార్మర్లను ఇరు సంస్థలూ సరఫరా చేశాయి.

అంత దూరము అంత వోల్టేజీతో విద్యుత్తు పంపిన అనుభవము అప్పటికి ఎవరికీ లేదు. శక్తిలో అధిక భాగము దారిలోనే నశించిపోతుందని పలువురు భావించారు. తీగలు వివిధ రాజ్యముల గుండా పోవలసి ఉన్నందున అనుమతుల చిక్కులు కూడా ఎదురయ్యాయి. పథకము విఫలమైతే ఏకాంతర విద్యుత్తు మీద నమ్మకమే సడలిపోయే పరిస్థితి. 4 మిల్లీమీటర్ల వ్యాసము గల మూడు రాగి తీగలను సుమారు 3 వేల స్తంభముల మీద, నూనె నింపిన పింగాణీ అవాహకములతో బిగించారు.

1891 ఆగస్టు నెలాఖరులో లౌఫెన్ విద్యుత్తు ఫ్రాంక్‌ఫర్టుకు చేరింది. ప్రదర్శనశాలలో వేయి దీపాలు వెలిగాయి. 100 అశ్వసామర్థ్యము గల మోటారు పంపును తిప్పగా కృత్రిమ జలపాతము దూకింది. ప్రొఫెసర్ హైన్రిఖ్ వెబర్ నాయకత్వములో జరిగిన కొలతలలో గరిష్ఠముగా సుమారు 75 శాతము శక్తి గమ్యము చేరినట్లు తేలింది. ప్రదర్శన ముగిసిన తరువాత 1892 జనవరి నుండి లౌఫెన్ విద్యుత్తు సమీపములోని హైల్‌బ్రాన్ పట్టణమునకు క్రమముగా సరఫరా అయింది.

## లౌఫెన్ జనరేటరు నిర్మాణము

లౌఫెన్ యంత్రపు సామర్థ్యము సుమారు 300 అశ్వసామర్థ్యములు. వేగము నిమిషానికి 150 భ్రమణములు. ధ్రువములు 32. భ్రమణముల సంఖ్యను ధ్రువముల సంఖ్యతో గుణించి 120తో భాగిస్తే పౌనఃపున్యము వస్తుంది. ఆ లెక్కన దీని పౌనఃపున్యము సెకనుకు 40 ఆవృత్తులు. ఒక్కొక్క ఫేజు వోల్టేజీ సుమారు 55 వోల్టులు మాత్రమే. కరెంటు మాత్రము 1400 ఆంపియర్ల వరకు ఉండేది. ట్రాన్స్‌ఫార్మర్లు ఈ వోల్టేజీని సుమారు 15 వేల వోల్టులకు పెంచేవి. స్థిరముగా ఉండే ఆర్మేచరులో తీగలకు బదులు లావైన రాగి కడ్డీలు, ఇనుములోని రంధ్రాలలో ఇమిడి ఉండేవి.

దీని తిరిగే అయస్కాంతము విశేషమైనది. 32 ధ్రువములకు 32 రాగి చుట్టలు చేసి ఒక్కొక్కటి బిగించుటకు బదులు బ్రౌన్ ఒకే ఒక చుట్టను వాడాడు. బండి చక్రము వంటి ఇనుప చక్రపు అంచు చుట్టూ గాడి చేసి, ఆ గాడిలో రాగి తీగను వలయముగా చుట్టాడు. చక్రమునకు ఇరువైపులా పంజా గోళ్ళ వలె వంగిన 16 ధ్రువములు గల ఉక్కు వలయములను బోల్టులతో బిగించాడు. ఒక వైపు గోళ్ళ మధ్య సందులలోకి రెండవ వైపు గోళ్ళు వచ్చి చేరతాయి. చుట్టలో కరెంటు ప్రవహించినపుడు ఒక వైపు గోళ్ళన్నీ ఉత్తర ధ్రువములు, మరొక వైపువన్నీ దక్షిణ ధ్రువములు అవుతాయి. అంచు చుట్టూ ఉత్తర, దక్షిణ ధ్రువములు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి.

ఈ నిర్మాణము వలన లాభములు స్పష్టము. చుట్ట ఒక్కటే కావున రాగి తక్కువ పడుతుంది, అతుకులు తక్కువ. వలయాకారపు చుట్ట ఇరుసు చుట్టూ సమానముగా ఉండి, గోళ్ళ కింద భద్రముగా ఇమిడి ఉంటుంది. విడి చుట్టలు ఊడి ఎగిరిపోతాయన్న భయము లేదు. లోపము కూడా ఉన్నది. పక్కపక్కన ఉన్న వ్యతిరేక ధ్రువముల మధ్య అయస్కాంత బలరేఖలలో కొంత భాగము ఆర్మేచరును చేరకుండానే పక్కదారి పడుతుంది. అందుచేత తరువాతి పెద్ద యంత్రములలో ప్రతి ధ్రువమునకు విడి చుట్ట ఉండే పద్ధతియే నిలిచింది. కాని పంజా ధ్రువముల రోటరు మరుగున పడిపోలేదు. నేటి కార్లు, బస్సులు, లారీలలో బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్లలో సాధారణముగా ఉండేది ఈ రకము రోటరే.

ఇదే కాలములో ఇతర దేశములలో వేరే మార్గములు తొక్కిన వారు ఉన్నారు. అమెరికాలో 1895లో నడిచిన నయాగరా కేంద్రపు 5000 అశ్వసామర్థ్యపు జనరేటర్లు నిమిషానికి 250 భ్రమణములు తిరిగేవి. వాటిలో ఆర్మేచరు లోపల నిలిచి ఉండగా, 12 ధ్రువములు గల ఉక్కు వలయము గొడుగు వలె బయట తిరిగేది. ధ్రువములు వలయపు లోపలి ముఖమునకు బిగించబడి ఉన్నందున అపకేంద్ర బలము వాటిని ఊడదీయక వలయమునకే అదిమి పెట్టేది. ఇదియు అదే సమస్యకు మరొక సమాధానము.

## మూడు ఫేజుల పద్ధతి ఘనత ఎవరిది?

లౌఫెన్ విజయము తరువాత మూడు ఫేజుల విద్యుత్తును కనుగొన్న ఘనత ఎవరికి చెందాలన్న చర్చ చెలరేగింది. నికోలా టెస్లా, గెలీలియో ఫెరారిస్, దొలివో-దొబ్రొవోల్స్కీ, ఫ్రీడ్రిఖ్ హాసెల్‌వాండర్ మొదలగువారి పేర్లు వినిపించాయి. ఫ్రాంక్‌ఫర్టులో వాడిన పద్ధతికి టెస్లా కృషియే మూలమని బ్రౌన్ 1891లో ఒక అమెరికా విద్యుత్ పత్రికకు బహిరంగముగా వ్రాశాడు. తన భాగస్వామ్యము ఉన్న విజయములో మరొకరి ఘనతను ఒప్పుకొనుట అతని స్వభావమును తెలుపుతుంది. మోటారుకు సరిపడే ఆచరణయోగ్యమైన రూపమును దొలివో-దొబ్రొవోల్స్కీ ఇచ్చాడనుటలో కూడా చరిత్రకారులకు సందేహము లేదు.

## బ్రౌన్ బొవేరి సంస్థ

ఓర్లికోన్‌లో బ్రౌన్‌తో కలిసి పనిచేసిన వాల్టర్ బొవేరి (1865 - 1924) జర్మనీలోని బాంబెర్గ్‌కు చెందినవాడు. ఇద్దరూ కలిసి స్వంత సంస్థ పెట్టాలని 1890 చివరిలో ఒప్పందము చేసుకున్నారు. వారికి నైపుణ్యము ఉన్నది కాని పెట్టుబడి లేదు. ఎందరిని అడిగినా ఫలితము లేకపోగా, చివరకు బొవేరికి మామగారైన జూరిచ్ పట్టు వ్యాపారి కాన్రాడ్ బౌమాన్ ధన సహాయము చేశాడు. 1891 అక్టోబరు 2న బాడెన్ పట్టణములో బ్రౌన్ బొవేరి సంస్థ స్థాపించబడింది. ఆ పట్టణపు విద్యుత్ కేంద్రమునకు యంత్రములు అందించుట దాని తొలి పనులలో ఒకటి. యంత్రముల రూపకల్పనను బ్రౌన్, వ్యాపార వ్యవహారములను బొవేరి చూసేవారు.

సంస్థ వేగముగా ఎదిగింది. 1894లో ఫ్రాంక్‌ఫర్టు నగరపు విద్యుత్ కేంద్రమునకు యంత్రములు అందించింది. 1896లో లుగానో పట్టణములో మూడు ఫేజుల విద్యుత్తుతో ట్రాము నడిపింది. 1899లో బుర్గ్‌డార్ఫ్ - తూన్ మధ్య సుమారు 40 కిలోమీటర్ల రైలు మార్గమును అదే పద్ధతిలో విద్యుదీకరించింది. 1900లో సంస్థ వాటాల కంపెనీగా మారగా బ్రౌన్ దాని పాలక మండలికి అధ్యక్షుడయ్యాడు. అదే సంవత్సరము జర్మనీలోని మాన్‌హైమ్‌లో అనుబంధ సంస్థ ఏర్పడింది. 1906లో ప్రారంభమైన సింప్లాన్ సొరంగములో రైళ్ళను విద్యుత్తుతో నడిపే బాధ్యతను కూడా ఈ సంస్థయే చేపట్టింది.

## ఆవిరి టర్బైను తెచ్చిన సమస్య

ఇంగ్లాండులో చార్లెస్ పార్సన్స్ 1884లో ఆవిరి టర్బైనును నిర్మించాడు. ఆ తొలి యంత్రము నిమిషానికి 18 వేల భ్రమణములు తిరిగి సుమారు 7.5 కిలోవాట్ల ఏకముఖ విద్యుత్తును ఇచ్చేది. 1900 నాటికి జర్మనీలోని ఎల్బర్‌ఫెల్డ్ నగరమునకు పార్సన్స్ ఒక్కొక్కటి 1000 కిలోవాట్ల టర్బో జనరేటర్లను అందించాడు. అవి నిమిషానికి 1500 భ్రమణములు తిరిగేవి. ఆ యంత్రములలో తిరిగేది ఆర్మేచరే. ఆవిరి టర్బైను భవిష్యత్తును గుర్తించిన బ్రౌన్ బొవేరి సంస్థ 1900లో పార్సన్స్ నుండి టర్బైను నిర్మాణ హక్కులను పొంది, మరుసటి సంవత్సరమే బాడెన్‌లో టర్బైన్లు తయారు చేయసాగింది.

ఇక్కడ పాత సమస్య కొత్త తీవ్రతతో ఎదురైంది. నీటి టర్బైను మెల్లగా తిరుగుతుంది. కాబట్టి పెద్ద చక్రము చుట్టూ ఎన్నో ధ్రువములను అమర్చవచ్చు. ఆవిరి టర్బైను వేగముగా తిరిగితేనే సమర్థముగా పనిచేస్తుంది. 50 ఆవృత్తుల విద్యుత్తుకు రెండు ధ్రువముల యంత్రము నిమిషానికి 3000, నాలుగు ధ్రువముల యంత్రము 1500 భ్రమణములు తిరగాలి.

ఈ వేగముల ప్రభావమును ఒక లెక్కతో గ్రహించవచ్చు. 1 మీటరు వ్యాసము గల చక్రము నిమిషానికి 150 భ్రమణములు తిరిగితే దాని అంచు వేగము సెకనుకు సుమారు 8 మీటర్లు. అంచున ఉన్న 1 కిలో రాగి సుమారు 12.5 కిలోల బరువుతో సమానమైన బలముతో బయటకు లాగబడుతుంది. అదే చక్రము 3000 భ్రమణములు తిరిగితే అంచు వేగము సెకనుకు 157 మీటర్లు. వేగము 20 రెట్లు పెరిగితే బలము దాని వర్గము చొప్పున 400 రెట్లు పెరుగుతుంది. అప్పుడు 1 కిలో రాగి సుమారు 5 టన్నుల బలముతో బయటకు లాగబడుతుంది.

చక్రము నుండి బయటకు పొడుచుకు వచ్చిన ధ్రువములు, వాటి మీద తీగచుట్టలు ఈ బలమును తట్టుకొనుట కష్టము. ఒక బోల్టు తెగినా, ఒక చుట్ట జారినా తిరిగే భాగము ముక్కలై ఫిరంగి గుండ్ల వలె ఎగిరి, యంత్రశాలలోని మనుషుల ప్రాణములు తీయగలదు. అంతటి ప్రమాదము లేనప్పుడు కూడా పొడుచుకు వచ్చిన ధ్రువములు విసనకర్ర వలె గాలిని చిలికి పెద్ద శబ్దము చేస్తాయి, శక్తిని వృథా చేస్తాయి. టర్బైను ఎంత గొప్పదైనా దానికి తగిన రోటరు లేకపోతే ఉపయోగము లేదు.

## స్థూపాకార రోటరు

1901లో బ్రౌన్ ఈ సమస్యకు చూపిన పరిష్కారము సరళమైనది. ధ్రువములను బయటకు పొడుచుకు రానీయకుండా రోటరునంతటినీ నున్నని ఉక్కు స్థూపముగా చేశాడు. దాని ఉపరితలము మీద ఇరుసుకు సమాంతరముగా పొడవైన గాళ్ళు తీశాడు. క్షేత్రపు తీగచుట్టను ఒకే చోట కుప్పగా కాక అనేక గాళ్ళలోకి పంచి ఇమిడ్చాడు. ఓర్లికోన్ నాటి గాళ్ళ ఆలోచన ఇక్కడ తిరిగే అయస్కాంతమునకు అన్వయించబడింది.

ఈ నిర్మాణములోని ముఖ్య భాగములు, వాటి ప్రయోజనములు ఇవి:

- స్థూపము: ఇరుసు, ధ్రువములు కలిసి ఒకే ఉక్కు శరీరముగా ఉంటాయి. ఊడిపోవుటకు విడి ధ్రువములు ఉండవు.
- గాళ్ళు: చుట్టుకొలతలో సుమారు మూడింట రెండు వంతులలో గాళ్ళు ఉంటాయి. గాళ్ళు లేని మిగిలిన భాగము ధ్రువపు మధ్యభాగముగా పనిచేస్తుంది.
- బద్దలు: గాడి నోటి వద్ద బిగించిన లోహపు బద్దలు రాగిని బయటకు రాకుండా ఆపుతాయి. రాగి బలము బద్దల మీదుగా ఉక్కు పళ్ళకు చేరుతుంది.
- చివరి కట్లు: రోటరు రెండు చివరల తీగచుట్ట గాళ్ళలో నుండి బయటకు వచ్చి వంపు తిరుగుతుంది. అక్కడ దానిని పట్టుకొనుటకు ఉక్కు పళ్ళు ఉండవు. ఆ భాగము మీద బలమైన లోహపు వలయములను వేడి చేసి తొడుగుతారు. చల్లారినప్పుడు అవి బిగుసుకుంటాయి.

బలము విషయములోనే కాక విద్యుత్ విషయములో కూడా దీనివలన మేలు కలిగింది. తీగచుట్ట అనేక గాళ్ళలో విస్తరించి ఉన్నందున అయస్కాంత క్షేత్రము అంచు చుట్టూ క్రమముగా పెరిగి క్రమముగా తగ్గుతుంది. ఫలితముగా వచ్చే వోల్టేజీ తరంగము సైన్ ఆకారమునకు దగ్గరగా ఉంటుంది. నున్నని ఉపరితలము వలన గాలి ఘర్షణ, శబ్దము తగ్గాయి. వేడి కూడా రాగి నుండి ఉక్కుకు త్వరగా చేరుతుంది.

కొద్ది సంవత్సరములలోనే ఇతర దేశముల నిర్మాతలు కూడా ఈ మార్గమును అనుసరించారు. నెమ్మదిగా తిరిగే నీటి టర్బైన్లకు పొడుచుకు వచ్చిన ధ్రువముల రోటరు, వేగముగా తిరిగే ఆవిరి టర్బైన్లకు స్థూపాకార రోటరు అనే విభజన స్థిరపడింది.

## తరువాతి మెరుగులు

బ్రౌన్ చూపిన రూపమును తరువాతి తరములు మెరుగుపరిచాయి. రోటరు వ్యాసమును ఇష్టము వచ్చినట్లు పెంచలేము. 3000 భ్రమణముల యంత్రములలో అది సుమారు 1.2 మీటర్ల వద్ద ఆగిపోతుంది. అందుచేత సామర్థ్యము పెంచుటకు రోటరును పొడిగించవలసి వచ్చింది. పొడవైన రోటరు తన బరువుకు తానే కొద్దిగా వంగుతుంది, కొన్ని నిర్దిష్ట వేగముల వద్ద తీవ్రముగా కంపిస్తుంది. వీటిని క్రాంతిక వేగములు అంటారు. రోటరును అతి సూక్ష్మముగా సమతౌల్యము చేసి, ఆ వేగములను త్వరగా దాటించి నడుపుతారు.

రోటరుకు వాడే ఉక్కు దిమ్మెలో కంటికి కనపడని పగులు ఉన్నా ప్రమాదమే. అందుకే దిమ్మె మధ్యలో పొడవునా రంధ్రము తొలిచి లోపలి లోహమును పరీక్షించే ఆచారము ఏర్పడింది. తరువాత శబ్దాతీత తరంగములతో పరీక్షించే పద్ధతులు వచ్చాయి. చివరి కట్లకు అయస్కాంత లక్షణము లేని మాంగనీసు, క్రోమియం కలిసిన ఉక్కును వాడసాగారు. తేమ వలన పాత రకపు ఉక్కు కట్లు పగిలే ప్రమాదము ఉన్నందున, 18 శాతము మాంగనీసు, 18 శాతము క్రోమియం గల ఉక్కు వాడుకలోకి వచ్చింది. పదే పదే వేడెక్కి చల్లారినప్పుడు రాగి శాశ్వతముగా కుంచించుకుపోకుండా దానిలో కొద్దిగా వెండి కలుపుతారు. 1937లో అమెరికాలో హైడ్రోజన్ వాయువుతో చల్లబరిచే టర్బో జనరేటరు వాడుకలోకి వచ్చింది. ఇన్ని మార్పులు వచ్చినా గాళ్ళు, బద్దలు, కట్లు గల స్థూపమే నిలిచి ఉన్నది.

## చివరి సంవత్సరములు

1911లో బ్రౌన్ సంస్థ అధ్యక్ష పదవిని వదిలి పరిశ్రమ నుండి వైదొలిగాడు. అప్పటికి అతని వయస్సు 48 సంవత్సరములు మాత్రమే. ఆ తరువాత అతడు ప్రపంచ యాత్ర చేసి, స్విట్జర్లాండు దక్షిణ భాగములోని టిచీనో ప్రాంతములో మొంతాన్యోలా గ్రామములో స్థిరపడ్డాడు. మరల యంత్ర నిర్మాణమునకు తిరిగి రాలేదు. 1924 మే 2న అక్కడే మరణించాడు. అదే సంవత్సరము అక్టోబరు 28న వాల్టర్ బొవేరి కూడా మరణించాడు. తమ్ముడు సిడ్నీ 1941 వరకు జీవించాడు. బాడెన్‌లో సిడ్నీ నివసించిన లాంగ్‌మట్ భవనము 1990 నుండి చిత్రకళా ప్రదర్శనశాలగా ఉన్నది.

## వారసత్వము

బ్రౌన్ బొవేరి సంస్థ 1988లో స్వీడన్‌కు చెందిన ఆసియా సంస్థతో విలీనమై ఎ.బి.బి. అయింది. ఆ పేరులోని రెండు బి అక్షరములు బ్రౌన్, బొవేరి పేర్లకు గుర్తు.

తెలుగు నాట విద్యార్థులకు తిరిగే అయస్కాంతముల రెండు రూపములూ దగ్గరలోనే కనిపిస్తాయి. నాగార్జునసాగర్, శ్రీశైలం జలవిద్యుత్ కేంద్రములలో పొడుచుకు వచ్చిన ధ్రువముల రోటర్లు ఉన్నాయి. రామగుండం, కొత్తగూడెం, విజయవాడ ఉష్ణ విద్యుత్ కేంద్రములలో తిరిగేవి స్థూపాకార రోటర్లు. నీటి యంత్రముల రోటర్లలో పలుచని ఉక్కు రేకులను పేర్చి చేసిన ధ్రువములను, లోపల వెడల్పుగానూ బయట ఇరుకుగానూ ఉండే గాళ్ళలో దూర్చి బిగిస్తారు. లోడు అకస్మాత్తుగా తొలగి నీటి టర్బైను అదుపు తప్పి వేగము పెరిగినా ఊడిపోకుండా వాటిని రూపొందిస్తారు.

బ్రౌన్ కొత్త ప్రకృతి సూత్రమునేదీ కనుగొనలేదు. విద్యుదయస్కాంత ప్రేరణను మైకేల్ ఫారడే 1831లోనే కనుగొన్నాడు. ఆ సూత్రము పెద్ద ఎత్తున, వేగముగా, మనుషుల ప్రాణములకు ముప్పు లేకుండా పనిచేయుటకు ఇనుము, రాగి ఏ ఆకారములో ఉండాలో నిర్ణయించిన వారిలో అతడు అగ్రగణ్యుడు.

## ముఖ్య ఘట్టములు

- 1863: వింటర్‌థూర్‌లో జననము
- 1884: ఓర్లికోన్ కర్మాగారములో చేరిక
- 1886: క్రీగ్‌స్టెట్టెన్ - సోలోథుర్న్ విద్యుత్ ప్రసారము
- 1891: లౌఫెన్ - ఫ్రాంక్‌ఫర్టు ప్రసారము, బ్రౌన్ బొవేరి సంస్థ స్థాపన
- 1899: బుర్గ్‌డార్ఫ్ - తూన్ రైలు మార్గపు విద్యుదీకరణ
- 1900: పార్సన్స్ టర్బైను నిర్మాణ హక్కులు
- 1901: స్థూపాకార రోటరు
- 1911: సంస్థ నుండి విరమణ
- 1924: మొంతాన్యోలాలో మరణము